వాన వెంట మూడు రోజులు

నాలుగేళ్ల కింద, ఫిబ్రవరి ఎనిమిదో తేదీన, కొచ్చి రేవులో ఒక తెరచాప పడవ మీద సరంగుగా చేరాను. ఉద్యోగంలో అదే నా ఆఖరి పోస్టింగ్. అరవై అడుగుల పొడవు, రెండు స్తంభాలు, ఇనుప ఒళ్లు. మారిషస్‌లో ఉండే ఒకాయన ఆ పడవను కొన్నాడు. కొన్నవాడి రేవు దాకా పడవను నడిపించుకుపోయి అప్పజెప్పడాన్ని మా వృత్తిలో డెలివరీ అంటారు. కొరియర్ వాళ్లు చేసే పనే. కాకపోతే ఇక్కడ పార్సిల్‌ను మనం మోయం, పార్సిలే మనల్ని మోస్తుంది.

పడవ మీద నలుగురం. కెప్టెన్ దళవీ గారిది రత్నగిరి. మామూలుగా తక్కువ మాట్లాడతారు, కోపం వస్తే ఇంకా తక్కువ. ఆయన తర్వాతి అధికారి మేట్. ఆ పనిలో ఉన్నది భీమిలి అమ్మాయి స్వప్న గారు. పరీక్షలన్నీ పాసై వచ్చిన మనిషి. తాళ్లు, తెరచాపలు, డెక్కు, లంగరు చూసుకునే సరంగును నేను. వంటవాణ్ణి మా భాషలో భండారీ అంటాం. భండారీ లచ్చన్న నా భార్య తమ్ముడు. మహారాష్ట్రలోని మా సిరొంచ తాలూకాలో పెండ్లిళ్లకు వండుకుంటూ సుఖంగా ఉన్నవాణ్ణి పదిహేనేళ్ల కింద నేనే ఈ పనిలోకి లాక్కొచ్చాను. ఏ పాత కక్ష తీర్చుకోవడానికి తెచ్చానో అని వాడు ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాడు.

నా చదువు సిరొంచ మరాఠీ బడిలో ఏడో తరగతితో ముగిసింది. బడి నన్ను వదిలిందా, నేను బడిని వదిలానా అన్నది ఇద్దరం ఒప్పుకోని సంగతి. మా ఇంట్లో వాళ్లు ప్రాణహిత మీద మనుషుల్ని దాటించే పడవ నడిపేవాళ్లు. నేను అక్కడి నుంచి రేవుల్లోకి పోయి, ఓడల్ని లాగే టగ్గుల మీద, బార్జీల మీద ముప్పై ఏళ్లు చేశాను. తెరచాప పని ఆలస్యంగా నేర్చుకున్నాను, అదీ ఒడ్డు కనిపించే దూరంలోనే. టగ్గుకు మంచినీళ్లు రేవులో పైపు పెట్టి నింపుతారు. అంటే, సముద్రం మీద వాన నీళ్లు పట్టాల్సిన అవసరం నాకు అప్పటిదాకా ఒక్కసారీ రాలేదు. జరిగినదంతా ఈ ఒక్క వాక్యంలోంచి వచ్చింది.

మొదటి వారం హాయిగా గడిచింది. ఈశాన్యపు గాలి వెనక నుంచి తోస్తుంటే పడవ తనంతట తనే పోయింది. పొద్దున లేచి చూస్తే డెక్కు మీద ఎగిరే చేపలు నాలుగైదు పడి ఉండేవి. లచ్చన్న వాటిని ఏరుకుని వేపేవాడు. వల లేదు, గాలం లేదు, సరుకు గుమ్మంలోకే వస్తోందని మురిసిపోయాడు. డాల్ఫిన్లు రోజుకు ఒకసారి పడవ ముక్కు ముందు ఈదుతూ వచ్చి, మా వేగం చూసి విసుగు పుట్టి వెళ్లిపోయేవి.

మాల్దీవుల దీవుల మధ్య సందు దాటేటప్పుడు రెండు రోజులు అలలు అడ్డంగా కొట్టాయి. డెక్కు అంతా ఉప్పునీళ్లతో తడిసింది, ఎండింది, మళ్లీ తడిసింది. ఆ కుదుపుల్లోనే ఉప్పునీళ్లను మంచినీళ్లుగా మార్చే యంత్రం పంపు పగిలింది. స్వప్న గారు దాన్ని రెండుసార్లు విప్పి బిగించి, చివరికి చేతులు తుడుచుకుని, ఇక అది మారిషస్‌లోనే లేస్తుందని చెప్పారు. కంగారు పడాల్సినంత లేదు. పడవకు మంచినీళ్ల ట్యాంకులు రెండు. ముందు ట్యాంకులో సగానికి పైగా ఉన్నాయి, వెనక ట్యాంకులోనూ ఉన్నాయి. ఆపైన మేం పోతున్నది వానలుండే చోటికి.

భూమధ్యరేఖ దాటాక రెండు దిక్కుల గాలులు ఎదురెదురుగా వచ్చి సొమ్మసిల్లే పట్టీ ఒకటి ఉంటుంది. అక్కడ గాలి ఉండదు, ఉంటే తట్టుకోలేం. పొద్దున నూనె పోసినట్టు మెరిసే నీళ్లు. గంట తిరిగేసరికి ఒక నల్లమబ్బు. పావుగంట గాలివాన. మళ్లీ ఏమీ ఎరగనట్టు ఎండ. బూబీలనే పెద్ద సముద్రపు పక్షులు ఐదు వచ్చి ముందు స్తంభం మీద కాపురం పెట్టాయి. వాటి రెట్టలతో మా తెల్ల తెరచాప సున్నం వేసిన గోడలా తయారైంది. తాడు ఊపి, అరిచి, గిన్నెలు కొట్టి చూశాను. ఐదూ తల పక్కకు వంచి శ్రద్ధగా విన్నాయి.

పన్నెండో రోజు తెల్లవారాక వాచీ, అంటే పహరా వంతు, నాది. కెప్టెన్, స్వప్న గారు కింద నిద్రలో ఉన్నారు. ఆరు దాటాక వాన మొదలైంది. తెరచాపకు పక్షుల రెట్ట ఉంది కాబట్టి దాని నీళ్లు పనికిరావు. ముందు ట్యాంకు నింపే రంధ్రం డెక్కులోనే ఉంటుంది, మూత తిప్పితే వస్తుంది. నాకు తెలివి పుట్టింది. ఒక దుప్పటిని తడిపి, చుట్టి, పొలం మడికి గట్టు వేసినట్టు ఆ రంధ్రానికి దిగువన అడ్డం వేశాను. మూత తీశాను. డెక్కు మీది వానంతా పారుకుంటూ వచ్చి గట్టుకు తగిలి, బుడబుడమంటూ ట్యాంకులో పడింది. సిరొంచలో పొలానికి నీళ్లు మలిపిన ఏ మనిషైనా ఇదే చేస్తాడు. మా దగ్గర వాన నీళ్లను నోట్లో వేసుకుని రుచి చూసేవాడు ఉండడు. చూస్తే ఇంట్లో వాళ్లు డాక్టరు దగ్గరికి తీసుకుపోతారు.

పది నిమిషాలు గడిచాక లచ్చన్న చాయ్ గ్లాసుతో పైకి వచ్చాడు.

"బావా, చాయ్ ఉప్పగున్నది."

"చక్కెర డబ్బకు ఉప్పు డబ్బకు ఫరక్ తెల్వకుంటనే ఇన్నేండ్లు వండినవా? గందుకే నిన్ను పెండ్లిళ్లకు పిలుసుడు బంద్ చేసిండ్రు."

"చిటికెడు ఉప్పు సుత ఎయ్యలే. నీ మీద ఒట్టు."

"నా మీద ఒట్టేసినవంటే అబద్ధమే. నేను పోతే నీకేం నష్టం?"

"మజాక్ కాదు బావా, జర తాగి సూడు."

"పోయి మంచిగ పెట్టుకరా పో. గీసారి కండ్లు తెరిసి పెట్టు."

వాడు మూతి ముడుచుకుని దిగిపోయాడు. ఇంకో పావుగంట వాన కురిసింది, ఇంకో పావుగంట నేను ట్యాంకు నింపాను. రెండో చాయ్ కూడా ఉప్పగానే వచ్చింది. ఈసారి వాడు నాకివ్వకుండా నేరుగా స్వప్న గారిని లేపి తాగించాడు. ఆవిడ పైకి వచ్చేసరికి వాన వెలిసింది. దుప్పటి గట్టును, తీసి ఉన్న మూతను చూశారు.

"సరంగు గారూ, డెక్కు ఎంతసేపు కడిగాక మూత తీశారండీ?"

"కడుగుడేందమ్మా? వాననే మొత్తం కడిగె గద."

"ఆ కడిగిన నీళ్లన్నీ ఎక్కడికి పోయాయండీ?"

నేను డెక్కు మీద వేలు రాసి నాలుక మీద పెట్టుకున్నాను. అన్ని రోజులు పేరుకున్న ఉప్పును వాన బాగా కడిగింది. కడిగినదాన్ని నేను ఒక్క చుక్క పోకుండా ట్యాంకులోకి పంపాను.

కెప్టెన్‌ను లేపి నేనే చెప్పాను. వేరేవాళ్లు చెబితే ఇంకా పెద్దగా వినిపిస్తుంది. ఆయన అరవలేదు. ముందు ట్యాంకు వాల్వు మూయించి, వెనక ట్యాంకులో కొలకర్ర దింపించారు. తొంభై లీటర్లు ఉన్నాయి. దారి ఇంకా పన్నెండు రోజులు. మనిషికి రోజుకు మూడు లీటర్ల చొప్పున, పైన కొంచెం అట్టిపెట్టుకోవడానికి కలిపి నూటయాభై కావాలని లెక్కగట్టారు. ప్రాణరక్షణ తెప్పలో సీలు వేసి ఉన్న నీళ్లు ఈ లెక్కలోకి రావు. పడవ మునిగితే తప్ప వాటిని ముట్టకూడదన్నది నియమం.

తర్వాత ఆయన మరాఠీలో మూడు ముక్కలు చెప్పారు. మూడో రోజు పొద్దుగూకే లోపు అరవై లీటర్ల మంచినీళ్లు దొరికితే ముందుకు పోతాం. దొరక్కపోతే పడవ తిప్పి, మాల్దీవుల చివర ఉన్న అడ్డూ రేవుకు పోతాం. తిప్పాల్సి వస్తే కారణం కంపెనీకి రాయాలి, అప్పుడు సరంగు అడ్డూలోనే దిగిపోవాల్సి ఉంటుంది.

ముప్పై ఏళ్ల ఉద్యోగం ఒక దుప్పటి గట్టు దగ్గర ముగియడం నాకు ఇష్టం లేదు. మారిషస్‌లో పడవను కట్టేసి, తాళ్లు చుట్టి దిగాలని అనుకున్నాను. అంటే అరవై లీటర్లు కావాలి. ఇరవై లీటర్ల క్యాన్లు మూడు. వాటిని వరుసగా నిలబెట్టి తాడుతో కట్టాను.

లచ్చన్న వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. వాడికి నేను క్షమాపణ చెప్పాలి. బావ బామ్మర్దికి క్షమాపణ చెప్పే పద్ధతి మా వైపు లేదు.

"చాయ్ మంచిగనే పెట్టినవ్ తియ్" అన్నాను.

"ఇంకోసారి చెప్పు బావా, మా అక్కకు వినవడేటట్టు గట్టిగ చెప్పు" అన్నాడు.

మొదటి రోజు పద్ధతి కుదుర్చుకున్నాం. తెరచాప, డెక్కు రెండూ పనికిరావు. అడుగు గదిలో విప్పని కొత్త తాడ్‌పత్రి ఒకటి ఉంది. మా వైపు కల్లంలో మిర్చి ఆరబోసినప్పుడు మబ్బు కమ్మితే కప్పడానికి వాడే పట్టా లాంటిదే. దాన్ని పైన పరిచి ఉంచితే ఉప్పు తుంపర పట్టుకుంటుంది. అందుకని మడత పెట్టి కిందే ఉంచి, వాన చుక్క పడ్డాకే బయటికి తీయాలనుకున్నాం. నడుమ చిన్న రంధ్రం చేసి పైపు బిగించాను. నాలుగు మూలలకు తాళ్లు కట్టాను. ఎండలో, వాన లేకుండా, పదిసార్లు పరిచి పదిసార్లు మడిచాం. పక్షులు ఐదూ చూశాయి. వాటికి ఇంత మంచి కాలక్షేపం ఆ పట్టీలో దొరికి ఉండదు.

రాడార్‌లో వాన మబ్బులు మచ్చల్లా కనిపిస్తాయి. ఊళ్లో వాన వస్తే చూరు కిందికి ఉరుకుతాం, మేం నలుగురం వాన కిందికి ఉరకడానికి ఇంజిన్ వేశాం. డీజిల్ తక్కువ కాబట్టి రోజుకు రెండు గంటలే ఇంజిన్ అని కెప్టెన్ హద్దు పెట్టారు. మొదటి రోజు రెండు మచ్చల వెంట పడ్డాం. ఒకటి మేం చేరేలోపే కరిగిపోయింది. రెండోది మా పక్క నుంచి, వాన శబ్దం వినిపించేంత దగ్గరగా నడిచిపోయింది. మా మీద ఏడు చుక్కలు పడ్డాయి. లచ్చన్న లెక్కపెట్టి చెప్పాడు.

రెండో రోజు మధ్యాహ్నం ఎదురుగా పెద్ద మబ్బు, కింద బూడిదరంగు తెరలా వాన, దూరం మైలున్నర. ఇంజిన్ వేసి నేరుగా పోతున్నాం. నేను తాడ్‌పత్రి భుజాన వేసుకుని మెట్ల మీద సిద్ధంగా ఉన్నాను. సగం దూరం పోయాక ముక్కు దగ్గర నిలబడ్డ స్వప్న గారు చేయెత్తారు. ముందు నీళ్లలో బోర్లించిన పడవల్లా నల్లగా నాలుగు వీపులు ఉన్నాయి. కదలడం లేదు. ఒకదాని పక్కన చిన్న వీపు ఇంకొకటి. పెద్ద తలల తిమింగలాలు, పిల్లతో సహా నీళ్ల పైన తేలుతూ నిద్రపోతున్నాయి. అప్పుడప్పుడు ఒకటి ఏటవాలుగా ఆవిరి చిమ్ముతోంది. చేపల కంపు మా దాకా వచ్చింది.

కెప్టెన్ ఇంజిన్‌ను న్యూట్రల్‌లో పెట్టారు. పిల్ల ఉన్న తిమింగలాల మధ్యకు పడవను తోలకూడదు. వాటికీ ప్రమాదమే, చుక్కాని పోతే మాకూ ప్రమాదమే. చుట్టూ తిరిగి పోదామంటే అవి అడ్డంగా చాలా దూరం పరుచుకుని ఉన్నాయి. వాన మా కళ్ల ముందే తూర్పుకు జరుగుతోంది.

"ఒక్కసారి హారన్ కొడితే?" అన్నాను.

"బావా, మన అహేరి రోడ్డు మీద పండుకున్న బర్రె సుత హారన్‌కు లేవది. గివి లేస్తయా?" అన్నాడు లచ్చన్న. మళ్లీ వాడే, "అయినా నువ్వు కమలాపూర్ క్యాంపు ఏనుగుల ముంగట హారన్ కొట్టినవా ఎప్పుడన్న? కొట్టి సూడు, నేను ఈడికెళ్లి సూస్త" అన్నాడు.

ఇరవై నిమిషాలకు పెద్దది ఒకటి తోక ఎత్తి లోపలికి దిగింది. మిగతావి దాని వెంట ఒక్కొక్కటే దిగాయి, పిల్ల అందరికంటే చివర, తొందరేమీ లేకుండా. అంత దగ్గరగా వాటిని చూడటానికి జనం డబ్బు పెట్టి పడవలెక్కుతారని స్వప్న గారన్నారు. నేను చూస్తున్నది వానను. అదప్పటికే మూడు మైళ్ల అవతల ఉంది, రోజుకున్న ఇంజిన్ గంటలు అయిపోయాయి.

మూడో రోజు మధ్యాహ్నం మూడింటి దాకా ఆకాశంలో ఏమీ లేదు. కెప్టెన్ పటం తీసి అడ్డూ దారి గీసుకోవడం చూశాను. ఆయన దాచలేదు, నేను అడగలేదు. మూడున్నరకు నైరుతి మూల నీళ్లు నల్లబడ్డాయి. ఈసారి మేం వెంటపడే పని లేదు, అదే మా మీదికి వస్తోంది, గాలితో సహా. వాన కంటే ముందు గాలి వస్తే గట్టి దెబ్బ ఉంటుందని లెక్క. నేనూ స్వప్న గారూ పెద్ద తెరచాప పూర్తిగా దించి కట్టేశాం. బూబీలు ఐదూ ఒక్కసారిగా లేచిపోయాయి. ఇన్ని రోజులుగా నేను అడుగుతున్నది అదొక్క నిమిషంలో జరిగింది.

గాలి తాకగానే పడవ ఒక పక్కకు ఒరిగింది. వాన వెంటనే, అడ్డంగా. తాడ్‌పత్రి పరిచాం. ఒక మూల స్వప్న గారు, రెండు మూలలు రెయిలింగుకు, ఒకటి లచ్చన్న. పైపు చివర బకెట్‌తో నేను. కెప్టెన్ చుక్కాని దగ్గర, గాలి దెబ్బ తగ్గేలా పడవను తిప్పి పట్టుకున్నారు.

మొదటి బకెట్‌లోంచి ఒక గుక్క నోట్లో వేసుకున్నాను. ఉప్పు. గాలి లేపిన తుంపర పట్టా మీద పడింది మరి. పారబోశాను. రెండోదీ ఉప్పే, మూడోది కొంచెం తక్కువ. రెండూ పారబోశాను.

"బావా, ఏం జేస్తున్నవ్! వాన ఆగుతది!" లచ్చన్న అరిచాడు.

నాలుగోది స్వప్న గారికి అందించాను. "నాకు బాగానే ఉందండీ" అన్నారు. నేను ఇంకో పుక్కిలి తీసుకున్నాను. నాలుక మీద కాదు, గొంతు వెనక ఎక్కడో ఒక చిన్న చురుకు. నాలుగో బకెట్ సముద్రంలో పోశాను.

"నీకు పిచ్చి లేసింది! కెప్టెన్ సాబ్, మా బావకు పిచ్చి లేసింది!"

చేతులు పట్టా మీద ఉన్నాయి కాబట్టి లచ్చన్న నన్ను కొట్టలేదు. నాకూ ఉంది ఆ భయం, వాన ఏ క్షణమైనా ఆగుతుందని. కానీ మొన్న ఒక ట్యాంకు పోయింది ఉప్పు ఎక్కువై కాదు, ఎవరూ చూడక. ఐదో బకెట్ చూశాను. ఏ రుచీ లేదు. స్వప్న గారి నోటికి పెట్టాను, లచ్చన్న నోటికి పెట్టాను. వాడు సగం తాగేసి తలూపాడు. మొదటి క్యాన్‌లోకి వంపాను.

మొదటి క్యాన్ నిండింది. రెండోది నిండింది. మూడోది సగానికి వచ్చేసరికి పైపులో ధార సన్నబడి, దారంలా అయి, చుక్కలై ఆగింది. ఎండ వచ్చింది. యాభై లీటర్లు. పది తక్కువ. పారబోసిన నాలుగు బకెట్లు సరిగ్గా ఎన్ని లీటర్లో అక్కడున్న నలుగురికీ తెలుసు.

కెప్టెన్ గడియారం చూశారు. పొద్దుగూకడానికి రెండు గంటలు, ఆకాశం మొత్తం ఖాళీ. ఆయన మాట తప్పే మనిషి కాదు. నేను పట్టా మడవడం మొదలుపెట్టాను, ఏదో ఒకటి చేయాలి కాబట్టి.

అప్పుడు లచ్చన్న తన వంటింటి హిందీలో కెప్టెన్‌తో మాట్లాడాడు. మూడు రోజుల నుంచి అన్నం, పప్పు వండేటప్పుడు మూడో వంతు నీళ్లు, వాల్వు కాసేపు తెరిచి, చెడిపోయిన ట్యాంకులోంచే పోస్తున్నానని, ఉప్పు విడిగా వేయడం మానేశానని, రోజుకు లీటరుకు పైగా మంచినీళ్లు అట్లా మిగులుతున్నాయని, మిగిలినవి సీసాల్లో ఉన్నాయని చెప్పాడు. పన్నెండు రోజులకు లెక్క వేసుకోండి అన్నాడు. ఆ సీసాలు తెచ్చి వరుసగా పెట్టాడు కూడా.

తనను అడగకుండా ఎందుకు చేశావని కెప్టెన్ అడిగారు. నిన్న పప్పు రెండుసార్లు వేయించుకున్నారు కదా సాబ్, అడిగితే ఒక్కసారి కూడా తినకపోదురు అన్నాడు లచ్చన్న. స్వప్న గారు వెనక్కి తిరిగి సముద్రం చూశారు. ఆవిడ భుజాలు కదులుతున్నాయి.

కెప్టెన్ ముందు ట్యాంకు నీళ్లు ఒక గుక్క నోట్లో వేసుకుని ఉమ్మేశారు. వంటకు మూడో వంతు కంటే ఎక్కువ పోయొద్దని, తాగడానికి చుక్క కూడా వాడొద్దని లచ్చన్నకు చెప్పారు. కాగితం మీద లెక్క మళ్లీ వేశారు. తర్వాత అడ్డూ దారి గీసిన పటం మడిచి సొరుగులో పెట్టి, తెరచాప ఎత్తమన్నారు. ఎత్తాను. తెరచాప పని నేర్చుకున్నాక అంత తొందరగా ఎప్పుడూ ఎత్తలేదు.

రెండు రోజులకు ఆగ్నేయపు గాలి అందింది. ఇరవై నాలుగో రోజు మారిషస్‌లోని పోర్ట్ లూయీ రేవులో పడవను కట్టాం. తాళ్లు నేనే చుట్టాను. వెనక ట్యాంకులో పదకొండు లీటర్లు మిగిలాయి.

దిగేముందు కెప్టెన్ లాగ్ పుస్తకం నా ముందు పెట్టారు. లాగ్ అంటే పడవ మీద జరిగింది జరిగినట్టు రోజూ రాసే పుస్తకం. డెక్కు కడగకుండా, నీళ్లు రుచి చూడకుండా సరంగు ట్యాంకు నింపాడని, మొదటి ఫిర్యాదు వచ్చాక కూడా పావుగంట నింపాడని అందులో గంటలు, నిమిషాలతో ఉంది. వాన పట్టిన సంగతి, భండారీ మిగిల్చిన నీళ్ల సంగతి కింద వేరువేరుగా ఉన్నాయి. ఆ పావుగంట మాట కొంచెం కుదించొచ్చేమోనని అడిగాను. జరిగింది అంతేనా కాదా అని ఆయన అడిగారు. అంతే అన్నాను. సంతకం పెట్టాను.

ఆ పావుగంటే అసలు తప్పు. గట్టు కట్టడం తెలియనితనం, అది ఎవరికైనా ఉంటుంది. మొదటి చాయ్‌కే మూత మూసి ఉంటే ట్యాంకులో ఉప్పు కొంతైనా తక్కువ పడేది, మిగిలిన వానను క్యాన్లలో పట్టి ఉండేవాళ్లం. నేను ఆ సమయాన్ని లచ్చన్నను ఆటపట్టించడానికి వాడాను. పని మీద ఉన్నప్పుడు ఎవరైనా ఏదైనా తేడాగా ఉందంటే ముందు గ్లాసు అందుకుని చూడాలి. నవ్వు వస్తే ఆ తర్వాత నవ్వొచ్చు.